ఇంటింట నుండవలసిన చీటి

ఇంటి తాళపుచెవులు ఇల్లాలి కొంగున నుండుట మనదేశమున చిరకాలముగ వచ్చుచున్న యాచారము. బియ్యపుకొట్టు, నగలపెట్టె, పెరటితలుపు మొదలగువాని చెవులన్నియు మనయొద్దనే యుండును. ఆరణ్యపర్వమున సత్యభామతో సంభాషించు ద్రౌపది, పాండవుల యాదాయవ్యయములును పరిజనుల మంచిచెడ్డలును తాను స్వయముగ నెఱిగియుండెడి దాననని చెప్పుకొన్నది. ఇల్లు నడపు స్త్రీ తన యింటికి వచ్చునదియు, ఇంటనుండి పోవునదియు నెఱిగి యుండవలెనని దాని భావము. నేడు నీరు, విద్యుత్తులతోపాటు ఇంటర్నెట్టు కూడ మన యిండ్లలోనికి వచ్చుచున్నది. దాని చెవి మాత్రము పెక్కిండ్లలో ఇల్లాలియొద్దను లేదు, యజమానునియొద్దను లేదు. అది సంస్థవారి చేతనే యున్నది. ఈ విషయమును గూర్చి సోదరీమణులకు కొంత విన్నవింప దలచితిమి.

ముందుగ నీ చెవి యెట్టిదో చెప్పెదము. టెలిఫోను సంభాషణకు రాగితీగపై కావలసిన తావు స్వల్పము; సెకనునకు నాలుగువేల కంపనములలోపలనే అది యిమిడిపోవును. అంతకు పైనున్న తావును సమాచారమునకు వినియోగించు పద్ధతికి డి.ఎస్.ఎల్. అని పేరు. అందుచేతనే ఒకే తీగపై నొకరు మాటలాడుచుండగా వేఱొకరు పాఠము వినగలుగుదురు. గోడయొద్ద నుంచు స్ప్లిట్టరను చిన్నపెట్టె యీ రెంటిని వేఱుచేయును. ఎక్స్ఛేంజినుండి దూరము పెరిగినకొలది వేగము తగ్గును. మా విశాఖపట్టణమువంటి తీరనగరములలో ఉప్పుగాలికి తీగల యతుకులు చిలుమెక్కుట మఱియొక చిక్కు.

అయితే తీగ గోడవఱకు వచ్చినంతమాత్రమున పని నెఱవేఱదు. ఆ తీగను పట్టుకొను రౌటరునకు కొన్ని సంగతులు తెలుపవలెను. మొదటిది వి.పి.ఐ., వి.సి.ఐ. అను రెండంకెల జంట. మన సమాచారము ఏ త్రోవను బోవలెనో అవి చెప్పును. మనదేశమున తఱచుగ 0, 35 అను జంట కానవచ్చును. బ్రిటనులో 0, 38 వాడుక. రెండవది సంబంధము కలుపు పద్ధతి. పి.పి.పి.ఓ.ఇ. అను పద్ధతి 1999లో ప్రకటింపబడి లోకమంతట వ్యాపించినది. మూడవది యూజర్‌నేము, నాలుగవది పాస్‌వర్డు. ఇంతియే. పోస్టుకార్డుపై నాలుగు పంక్తులకు మించని విషయము. ఇందు బ్రహ్మరహస్య మేమియు లేదు. కాని యీ నాలుగింటిలో నేది లోపించినను, వేలరూపాయల రౌటరైనను ఊరక దీపములు వెలిగించుకొని కూర్చుండును.

మా రేవును చూచినవారి కిది సులభముగ బోధపడును. 1933లో తెఱవబడిన యీ రేవులోనికి వచ్చు నోడలు కొండప్రక్కనున్న యిఱుకైన కాలువగుండ రావలెను. ఎంత నిపుణుడైన నావికుడైనను ఆ కాలువ లోతును మలుపును ఎఱిగిన పైలటు సాయము లేనిదే లోనికి రాడు. రేవువారు ఆ పైలటును పంపుదురేగాని, మాయొద్ద కొన్న యోడకే దారి చూపుదుము, తక్కినవి సముద్రముననే నిలుచుగాక యనరు. ఇంటర్నెట్టు సంస్థలు కొన్ని మాత్రము ఇట్లే యనుచుండుట మేము స్వయముగ నెఱుగుదుము.

2020 మార్చిలో మహమ్మారి కారణముగ పాఠశాలలు మూతపడినవి. ఉపాధ్యాయులైన మావారు ఇంటినుండియే పదవతరగతి పిల్లలకు పాఠములు చెప్పుచుండిరి. ఆ యేటి వానకాలమున ఒకరాత్రి పిడుగుపాటునకు మా రౌటరు కాలిపోయెను. మఱునాడే బజారునుండి క్రొత్తది తెచ్చి తీగలన్నియు తగిలించితిమి. డి.ఎస్.ఎల్. అను దీపము నిలుకడగ వెలిగెను. అనగా తీగ క్షేమముగనే యున్నది. ఇంటర్నెట్టు దీపము మాత్రము వెలుగలేదు. కావలసినవి ఆ నాలుగు పంక్తులు.

సంస్థవారికి ఫోను చేసితిమి. రౌటరు తమయొద్ద కొన్నది కాదు గనుక వివరములు చెప్పమని మొదటినాడు అనిరి. రెండవనాడు తమ మనిషి వచ్చి సరిచేయునని చెప్పిరి. ఆ మనిషి రాలేదు. మూడవనాడు కనెక్షను మాస్టారుగారి పేరనున్నదనియు, ఆడవారితో మాటలాడుట కుదరదనియు అనిరి. మావారు పాఠము మానుకొని ముప్పావుగంట ఫోను పట్టుకొని నిలువగా, ఆ వివరములు పాత రౌటరులోనే యుండునని సెలవిచ్చిరి. కాలి బొగ్గయిన రౌటరును ఏమని యడుగుదుము?

ఆ దినములలో మావారు మేడపైకెక్కి మొబైలుఫోనుతో పాఠము చెప్పెడివారు. మాట నడుమనడుమ తెగిపోయెడిది. కొన్నిదినములు పాఠమే సాగెడిది కాదు. ఆయన శిష్యురా లొకతె తల్లి నాలుగిండ్లలో పనిచేసికొను నామె. ఇంటనున్న ఒక్కఫోనును బిడ్డ చదువుకొఱకు విడిచి పనికి పోయెడిది. ఆమె యొకనాడు మా గుమ్మమున నిలిచి, "అమ్మగారూ, పాఠం లేనిరోజున కూడా నా ఫోను ఇంట్లోనే పడుంటోంది. పనికి పిలిచేవాళ్లకి నేను దొరకటం లేదు" అన్నది. ఆ మాట మా మనస్సున నాటుకొన్నది. మనకు కేవలము విసుగు పుట్టించు నాలస్యము మఱియొకరికి కూలినష్టమగుట నాడు కన్నులార చూచితిమి.

అంతట మేము ఒక నోటుపుస్తకము తీసి, ఫోను చేసిన తేది, గంట, వారు చెప్పిన మాట వ్రాసిపెట్టుట కారంభించితిమి. ప్రతిసారియు డాకెట్ నంబరు చెప్పుడని యడిగితిమి. ఇది మన హక్కు. టెలికాం నియంత్రణసంస్థయగు ట్రాయి 2012లో చేసిన నిబంధనలనుబట్టి ప్రతి ఫిర్యాదునకును సంస్థవారు ఒక డాకెట్ నంబరు ఈయవలెను. ఆ ఫిర్యాదు తీరనియెడల అదే సంస్థలోని అప్పీలు అధికారికి విన్నవించుకొనవచ్చును. దీనికి రుసుము లేదు. ఆ యధికారి 39 దినములలో తీర్పు చెప్పవలెను. మేము నోటుపుస్తకములోని తేదులను వరుసగ నెత్తివ్రాసి, మావారిచేత సంతకము చేయించి, అప్పీలు పంపితిమి. నాలుగవనాడు ఒక యువకుడు తానై ఫోను చేసి, క్రొత్త పాస్‌వర్డుతోగూడ ఆ నాలుగు పంక్తులును మాకే చెప్పెను. మేము వ్రాసికొంటిమి. పదునొకండు దినములు నిలిచిన పని రెండు నిమిషములలో ముగిసెను.

సంస్థల పక్షమునను ఒక మాట లేకపోలేదు. తెలియనివారు వివరములు తప్పుగ నింపిన యెడల మరల ఫోనుచేసి వేధింతురని వారి భయము. పరుల చేతబడునను శంకయు గలదు. అడుగువారు నిజముగ కనెక్షనుదారులో కాదో విచారించుట న్యాయమే. విచారించిన పిదపగూడ చెప్పకుండుట మాత్రము న్యాయముగాదు. అమెరికాలో టెలిఫోను తీగకు ఇతరుల పరికరము తగిలింపరాదను నిర్బంధము 1968లో సడలినది. జర్మనీలో 2016 ఆగస్టు 1వ తేదినుండి అమలునకు వచ్చిన చట్టమునుబట్టి, వాడుకరి తనకిష్టమైన రౌటరు పెట్టుకొనవచ్చును. కావలసిన వివరములను సంస్థవారు అడుగకయే, ఉచితముగ, కనెక్షను ఇచ్చునప్పుడే ఈయవలెను. అట్టిది మనదేశమునను రావలెనని కోరుట యత్యాశ కానేరదు.

ఈలోపల మనము చేయదగిన పనులు కొన్ని గలవు. రౌటరు బాగుగ పనిచేయుచున్నప్పుడే వివరములన్నియు అడిగి వ్రాసికొనవలెను. రౌటరు వెనుక సూదిమొన పట్టునంత చిన్నబెజ్జము రీసెట్టునకై యుండును. దానిని నొక్కి పట్టినచో రౌటరు తనకు చెప్పిన దంతయు మఱచిపోవును. వివరములు చేతలేనిదే దానిని ముట్టరాదు. మెఱుపులు మెఱయునప్పుడు విద్యుత్తు ప్లగ్గుతోపాటు టెలిఫోను తీగను కూడ ఊడదీయవలెను. తమంతట ఫోనుచేసి పాస్‌వర్డు అడుగువారికి ఎన్నడును చెప్పరాదు.

వివరములను కాగితముపైననే వ్రాయుట మేలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మా నగరమును తాకినప్పుడు స్తంభములు కూలి, విద్యుత్తు, టెలిఫోను రెండును నిలిచిపోయినవి. నెట్టులో దాచినది నెట్టు లేనినాడు చదువ శక్యముగాదు. చీటిని బీరువాలో భద్రపఱచి, ఆ చోటు ఇంటిలో ఇద్దఱకైనను తెలిపి యుంచవలెను.

పట్టణములలో రాగితీగకు బదులు ఫైబరు వచ్చుచున్నది గనుక ఇది పాతకథ యని కొందఱు తలంపవచ్చును. ఫైబరునందు వి.పి.ఐ., వి.సి.ఐ. అంకెలు లేకున్నను, పెక్కుచోట్ల యూజర్‌నేము, పాస్‌వర్డులు ఉన్నవి. వీలాన్ అను మఱియొక యంకెయు దానితో జేరినది. కావున చీటి యవసరము తీరలేదు.

కనెక్షను ఎవరి పేరనున్నను, నెలనెల బిల్లు కట్టు సొమ్ము సంసారపు సొమ్ము. సోదరీమణులు ఈ నెల బిల్లు చెల్లించుదినముననే ఫోనుచేసి ఈ వివరములను మర్యాదగ అడుగవలెనని మా ప్రార్థన. చెప్పినచో వ్రాసికొనుడు. చెప్పనియెడల డాకెట్ నంబరు వ్రాసికొనుడు.