కదలని చక్రాలు

మా దొడ్లో వేపచెట్టు కింద ఒక ట్రక్కు ఉన్నది. ట్రక్కు అంటే లారీ అనుకునేరు. ట్రాక్టరు వెనుక తగిలించే తొట్టిని మా పశ్చిమగోదావరి వైపు అలాగే పిలుస్తారు. తెలంగాణలో ట్రాలీ అంటారు. రిజిస్ట్రేషను కాగితాల మీద మాత్రం అది ట్రైలరు. ట్రాక్టరుకొక నంబరు, దీనికొక నంబరు. తనంతట తాను అంగుళమైనా కదలలేని వస్తువును వాహనమని గుర్తించి సర్కారువారు దానికి వేరే పుస్తకం ఇవ్వడం చిన్నతనంలో నాకు భలే తమాషాగా ఉండేది.

నాన్నగారు 2019లో పోయారు. ట్రాక్టరును ఆ ఏడే అమ్మివేశాము. ట్రక్కుకు తగిన ధర పలకలేదు. "ఉండనీరా, ఎప్పటికైనా అక్కరకొస్తుంది" అన్నది అమ్మ. ప్రహరీ కట్టగా మిగిలిన ఇటుకలను బయట పడవేయడమెందుకని అందులోనే పేర్పించాను. మరుసటి సంవత్సరం కరోనా వచ్చింది. ఊరికి రాకపోకలు తగ్గాయి. వెళ్ళిన రెండు మూడు సార్లయినా నేను ఆ ట్రక్కు వంక చూసినది లేదు. దాని నీడలో కుక్క పడుకొని ఉండేది, అంతవరకే గుర్తు.

2022 వేసవిలో, దాళ్వా కోతల రోజుల్లో, మా బాబాయి ఫోను చేశారు.

"ఒరే అబ్బాయ్, మా ట్రక్కుకి ఇరుసు పోయిందిరా. మీది ఊరికే పడి ఉంది కదా, నాలుగు రోజులు వాడుకోనా?"

"దానికి నన్నడగాలా బాబాయ్, తీసుకెళ్ళండి."

"టైర్లు ఎలాగున్నాయంటావు?"

"కొత్తవే. నాన్నగారు వేయించాక పెద్దగా తిరగనేలేదు."

ఆ మాట అన్నది నేనే. అబద్ధమాడుతున్నానన్న ఊహైనా లేదు.

ఇటుకలు దింపించి, గాలి కొట్టించి, అరవై బస్తాల ధాన్యం ఎత్తారు. బస్తా డెబ్బై అయిదు కిలోలు, అంటే నలభై అయిదు క్వింటాళ్ళు. కాలువ గట్టు మలుపులో ఎడమ చక్రం పేలింది. తొట్టి ఒరిగింది. బస్తాల మీద కూర్చున్న కూలీ కుర్రవాడు ఎగిరి గట్టు మీద పడ్డాడు. భుజం ఎముక విరిగింది. నాలుగడుగుల అవతల రాతి తూము ఉన్నది. ఆ నాలుగడుగుల సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు కడుపులో తిప్పినట్లవుతుంది. ఆసుపత్రి ఖర్చు నేనే పెట్టుకున్నాను. మూడు నెలలు పనిలోకి వెళ్ళలేకపోయాడు, దానికీ ఏదో ఇచ్చాను. అతని తండ్రి నన్నొక్క మాటా అనలేదు. అని ఉంటే బాగుండేది.

తరువాత ఆ టైరును పంక్చర్ల షాపుకు తీసుకువెళ్ళాను. షాపాయన మొదట దాని గోడ మీద బొటనవేలితో తుడిచి నాలుగంకెలు చూపించాడు: 3813. అంటే 2013వ సంవత్సరం ముప్పై ఎనిమిదో వారంలో తయారైనదన్నమాట. 2000 తరువాత వచ్చిన టైర్లన్నిటి మీదా ఇలా వారమూ ఏడూ కలిపి నాలుగంకెలుంటాయి. నాకు 'కొత్తది' అయిన ఆ టైరుకు అప్పటికి దాదాపు తొమ్మిదేళ్ళు. ఆయన పక్కగోడను రెండు చేతులతో వంచగానే సన్నని బీటలు, ఎండిన చెరువులో మట్టిలాగా, ఒకటొకటే నోళ్ళు తెరిచాయి. "గ్రిప్పు చూసి మోసపోయారండీ" అన్నాడు. "తిరిగిన టైరు అరిగి చెబుతుంది. తిరగని టైరు చెప్పదు."

అప్పటినుంచి రబ్బరు గురించి చదవడం పట్టుకున్నాను. పశ్చాత్తాపానికి ఇదొక దారి కాబోలు. రబ్బరు చెట్టు పాలను గంధకంతో కలిపి వేడిచేస్తే గట్టిపడి సాగే గుణం నిలుస్తుందని 1839లో ఛార్లెస్ గుడ్‌ఇయర్ కనుగొన్నాడు. రబ్బరు అణువులు పొడుగాటి గొలుసులు, గంధకం వాటి నడుమ వేసిన వంతెనలు. అయితే ఈ వంట అక్కడితో ఆగిపోదు. ఎండకూ ప్రాణవాయువుకూ లోనై ఏళ్ళ తరబడి సాగుతూనే ఉంటుంది, రబ్బరు బిరుసెక్కుతూనే ఉంటుంది. దీనికి తోడు ఓజోను. ఆకాశంలో పైన ఉండి మనకు గొడుగు పట్టే ఆ వాయువే నేలమీద కొద్దిపాటి ఉన్నా ఆ గొలుసులను తెంపుతుంది. సాగి ఉన్న చోట మరీ తొందరగా తెంపుతుంది. గాలి తగ్గి, బరువుతో పక్కకు ఉబ్బిన టైరు గోడ అలా సాగి ఉన్న చోటే. నేను పేర్పించిన ఇటుకలు మూడేళ్ళపాటు చేసిన పని అది.

తయారుచేసేవారికి ఇది తెలియక కాదు. రబ్బరులో మైనమూ, ఓజోనును అడ్డుకునే మందులూ కలుపుతారు. చక్రం తిరుగుతూ సాగి ముడుచుకొనే కొద్దీ అవి లోపలినుంచి పైకి ఊరి పొరలా నిలుస్తాయి. నిలిపి ఉంచిన బండికి ఆ ఊట సరిగా అందదు. ఒక్కొక్కప్పుడు టైరు మీద గోధుమరంగు మరక కనిపిస్తుందే, అది మురికి కాదు, ఆ మందే. దాన్ని మనం పనిగట్టుకొని పీచుతో రుద్ది కడుగుతాం!

నాన్నగారు ఈ చదువేదీ చదవలేదు. అయినా తొలకరికి ముందు, ట్రక్కుకు పని అయిపోగానే, ఇద్దరు మనుషులను పిలిచి తొట్టి ఖాళీ చేయించేవారు. ఒక చక్రానికి ముందూ వెనకా రాళ్ళు వేసి, రెండో వైపు జాకీతో ఎత్తి, ఇరుసు కింద తాటి మొద్దు దూర్చేవారు. తరువాత ఇవతలి వైపు. చక్రాలు గాలిలో నాలుగు వేళ్ళ ఎత్తున ఉండేవి. వాటికి గోనె పట్టాలు కప్పేవారు. సెలవులకు వచ్చిన నాకు ఇది ముసలి చాదస్తంగా కనిపించేది. "తీసేటప్పుడు మళ్ళీ ఎత్తాలి కదా, ఎందుకీ శ్రమ" అన్నాను ఒకసారి. "దానికీ కాళ్ళు నొప్పులుంటాయిరా" అని నవ్వారు.

అలాగని ఆయన చేసినవన్నీ సరైనవీ కావు. టైరు నల్లగా నిగనిగలాడాలని పాత ఇంజను ఆయిలు పూయించేవారు. ఊళ్ళో అందరూ చేసేదే. ఖనిజతైలం రబ్బరును ఉబ్బించి చెరుస్తుంది, సబ్బునీళ్ళు చాలు. వానకు తడవకూడదని ఒక ఏడు మోటారు షెడ్డులో పెట్టించారు కూడా. కరెంటు మోటారు దగ్గర పుట్టే నిప్పురవ్వల్లోనూ ఓజోను పుడుతుంది. వెల్డింగు షాపు పక్కనైతే ఇంకా మంచిది కాదు.

ఇప్పుడు నేను చేయిస్తున్నది ఆయన పద్ధతే, ఆయిలు తప్ప. తాటి మొద్దుల బదులు సిమెంటు దిమ్మలు పెట్టించాను, కింద గట్టినేల చూసి. చక్రం పైకి ఎత్తినా గాలి తీయకూడదు. టైరులోంచి నెలకు ఒకటి రెండు పాయింట్లు దానంతటదే పోతుంటుంది కనుక అప్పుడప్పుడూ చూసుకోవలసిందే. చూసేది పొద్దుటిపూట, ఎండకు వేడెక్కక ముందు. కప్పేది గుడ్డ గాని గోనె గాని కావాలి. ప్లాస్టిక్ పట్టా బిగించి కడితే లోపల చెమ్మ నిలుస్తుంది. ఎత్తే వీలు లేనివారు తొట్టి ఖాళీ చేసి, టైరు గోడ మీద అచ్చువేసినంత గాలి నిండా పట్టించి, కింద చెక్కలు వేసి, నెలకొకసారి బండిని పావు చుట్టు జరిపితే ఒకే చోట బరువు పడదు. మన ట్రక్కులకు ఎక్కువగా ఉండే నైలాను టైర్లకు ఒకే చోట ఆనిన వైపు చదునుగా నిలిచిపోయే జబ్బు మరీ ఎక్కువ. అన్నట్టు, ఎంత బాగా దాచినా వయసు ఆగదు. ఆరేళ్ళు దాటిన టైరు మీద ధాన్యం సంగతి అలా ఉంచండి, మనిషిని కూర్చోబెట్టడానికి ఇక నేను ఒప్పుకోను.

ఆ కుర్రవాడు ఇప్పుడు బాబాయి ట్రాక్టరు నడుపుతున్నాడు. మా ట్రక్కు బాగోగులు తానే చూస్తానని అడిగి తీసుకున్నాడు. ఎందుకని నేను అడగలేదు. కిందటి కార్తికంలో దిమ్మల మీదనుంచి దించేముందు ఫోను చేశాడు.

"కుడిది ఆరు పాయింట్లు తగ్గిందండీ. కొట్టించాను."

"ఎడమది?"

"దాన్ని వారం వారం చూస్తూనే ఉన్నానండీ."