సిగ్గు ఎవరికి సింగారం?

జపాన్‌లో దాని పేరు పిప్పి. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. మనకి పిప్పి అంటే రసమంతా పిండేశాక మిగిలే చెరకు తుక్కు. వాళ్లకి మాత్రం అదొక ముద్దు పేరు. లేత గులాబీ రంగు ఒళ్లు, నుదుటి మీద చుట్ట తిరిగిన జుట్టు, వీపు మీద బుల్లి రెక్కలు. వెన్నెలని ఆ రెక్కల్లో దాచుకుని గాలిలో తేలుతుందట. 1996 ఫిబ్రవరిలో జపాన్‌లో గేమ్ బాయ్ కోసం విడుదలైన పోకెమాన్ ఆటలోని 151 ప్రాణుల్లో ఇది 35వది. ఇంగ్లిష్‌లోకి వచ్చాక క్లెఫేరీ అయింది. ఒక చంద్రశిల తాకిస్తే క్లెఫేబుల్ అనే పెద్ద రూపం పొందుతుంది. ఆటలోని వర్ణన ప్రకారం ఈ జాతికి బిడియం ఎక్కువ. మనుషుల అలికిడి వినపడితే చాలు, దాక్కుంటుంది. పౌర్ణమి రాత్రుళ్లు మాత్రం ఎక్కడెక్కడివో వచ్చి ఒకచోట చేరి నాట్యం చేస్తాయి.

పిల్లల ఆటబొమ్మ గురించి ఇక్కడ రాయడమేమిటని మీలో కొందరు అనుకోవచ్చు. మన పిల్లలకి సిగ్గంటే ఏమిటో నేర్పుతున్నవి ఇప్పుడు మన సామెతలు మాత్రమే కావు, ఈ బొమ్మలు కూడా. అందుకే రాస్తున్నాను.

మా ఇంటికి పిప్పి మా అక్క కొడుకు ద్వారా వచ్చింది. వాడు పెద్దవాడై వదిలేసిన నింటెండో డీఎస్‌ని మా అమ్మాయికిచ్చాడు. అందులో 2009లో వచ్చిన హార్ట్‌గోల్డ్ అనే పోకెమాన్ ఆట ఉంది. పన్నెండేళ్ల మా అమ్మాయి మాటలు తక్కువ మనిషి. ఇంటికి చుట్టాలొస్తే ప్లేటులో జంతికలు పెట్టుకుని మేడెక్కేస్తుంది. 'ఇలా అయితే రేపు ఎలా నెగ్గుకొస్తావే' అని మా అత్తగారు, 'ఆడపిల్ల, ఆ మాత్రం బెరుకు ఉండాలిలెండి' అని మా పిన్ని. ఇద్దరూ ఒకే సోఫాలో కూర్చుని అనే మాటలే ఇవి. బడివాళ్ల రిపోర్టు కార్డులో మాత్రం ఏటా ఒకటే వాక్యం: 'బిడియస్థురాలు, ఇంకా ముందుకు రావాలి.'

నేను పెరిగిన ఇంట్లో సిగ్గే సింగారం అనేవారు. పెళ్లిచూపుల్లో తల వంచుకు కూర్చుంటే నాకు మార్కులు పడ్డాయి. అదే ఏడాది ఉద్యోగం ఇంటర్వ్యూలో తల కొంచెం వంచినందుకు మార్కులు పోయాయి. ఒకే మెడ, ఒకే వంపు. చూసేవాడి అవసరాన్నిబట్టి దాని ధర మారింది. పిప్పి కథని నేను ఆ మెడతోనే చదివాను.

పోకెమాన్ ఆటకి మూలం సేకరణ. దాన్ని రూపొందించిన సతోషి తజిరి చిన్నప్పుడు టోక్యో శివార్లలోని మచిదాలో పురుగులు పట్టుకుని దాచుకునేవాడు. ఆ సరదానే ఆటగా మార్చాడు. గడ్డిలో, గుహల్లో తిరుగుతూ ఎదురైన ప్రాణిని బలహీనపరిచి బంతిలో బంధించాలి. జాబితా పూర్తిచేయాలి. ఇలాంటి లోకంలో సిగ్గు స్వభావంగా మిగలదు, ధరగా మారుతుంది. పిప్పి మొదటి ఆటలో చంద్రపర్వతం గుహలో ఎప్పుడో గాని కనపడదు. కనపడదు కాబట్టే అందరికీ కావాలి. దాని ముద్దుతనానికి అభిమానులు చాలామంది అని ఆటలోని వర్ణనే చెబుతుంది. గడప దాటని పిల్లకి సంబంధాల మార్కెట్‌లో విలువెక్కువని మనవాళ్లు అనడం లేదూ! దాక్కునేదాన్ని వెతికి పట్టడంలో ఉండే గెలుపు, ఎదురుగా నిలబడినదాన్ని పలకరించడంలో ఉండదు కాబోలు.

ఇంకో సంగతి. మొదటి ఆటలో ఈ ప్రాణుల్లో దాదాపు వేటికీ ఆడ, మగ తేడా లేదు. 1999లో వచ్చిన గోల్డ్, సిల్వర్ ఆటల్లో లింగం ప్రవేశించింది. పిప్పి జాతిలో నాలుగింట మూడు వంతులు ఆడవని లెక్క కట్టారు. గులాబీ రంగు, గుండ్రని ఒళ్లు, బిడియం, వెన్నెల. ఇన్ని ఉన్నాక ఆడదే అయి ఉండాలన్న తర్కం ఎవరూ పైకి చెప్పనక్కర్లేదు. మరి ఇదే పిప్పి మగదైతే? దానికీ సాక్ష్యముంది. 1996 నుంచి కొరొకొరొ పత్రికల్లో కొసాకు అనకుబొ గీసిన కామిక్‌లో ముఖ్యపాత్ర పిప్పీయే. అందులో అది మగది. గట్టిగా మాట్లాడుతుంది, మోటు హాస్యం చేస్తుంది, యజమానిని అల్లరిపెడుతుంది. దాక్కోవడం మాట దేవుడెరుగు, పేజీలో పక్కవాళ్లకి చోటివ్వదు. అదే గులాబీ ఒళ్లు, అవే చిన్న రెక్కలు. మగపిల్లల పత్రికలో మగదిగా నిలబడగానే సిగ్గు రాలిపోయింది. సిగ్గు ఒంట్లో పుడుతుందా, పాత్ర పంచినవాళ్లు తొడుగుతారా అని తరగతిలో ఎప్పుడైనా చర్చ పెట్టాల్సివస్తే నేను ఈ రెండు పిప్పిలనీ పక్కపక్కన పెడతాను.

2002లో వచ్చిన రూబీ, సఫైర్ ఆటలు ప్రతి ప్రాణికీ ఒక సహజ లక్షణాన్ని చేర్చాయి. పిప్పికి ఇచ్చినది మోహపెట్టే ఒళ్లు. ఎదుటి ప్రాణి దాన్ని తాకుతూ దాడి చేస్తే, ఆ దాడి చేసింది వేరే లింగానిదైతే, కొన్నిసార్లు అది పిప్పి మోహంలో పడి దెబ్బ తీయలేకపోతుంది. ఆటలో ఇది పిప్పికి రక్షణే, కాదనను. కాని వాక్యాన్ని ఇంకోసారి చదవండి. చెయ్యి వేసింది అవతలిది. మనసు చెదిరింది అవతలిదానికి. ఆ చెదరడం మాత్రం ఇవతలి ఒంటి లక్షణంగా నమోదైంది. బస్సులో, ఆఫీసులో, పోలీస్ స్టేషన్‌లో మనం విన్న వాదనే ఇది. నువ్వలా ఉన్నావు కాబట్టి వాడలా అయ్యాడు. ఆట రాసినవాళ్లకి ఆ ఉద్దేశం ఉండనక్కర్లేదు. భాషలో ఇంకిపోయిన ఊహలకి ఉద్దేశంతో పనిలేదు.

ఇవన్నీ మా అమ్మాయికి చెప్పలేదు. పైగా తనే నాకొకటి చెప్పింది. ఒకరోజు బడిలో తల్లిదండ్రుల సమావేశం నుంచి తిరిగొస్తుంటే, "మీ టీచరు నువ్వు నోరు విప్పడం లేదంటున్నారు నాన్నా, ఎందుకని?" అని అడిగాను. కాసేపు ఆటోలోంచి బయటికి చూసి, "క్లెఫేబుల్‌కి చెవులు బాగా వినపడతాయమ్మా. కిలోమీటరు దూరంలో గుండుసూది పడినా వినపడుతుంది. అందుకే అది చప్పుడు లేనిచోట ఉంటుంది. భయపడి కాదు," అంది. తర్వాత చూస్తే నిజంగానే ఆటలో ఆ వర్ణన ఉంది. దాని వినికిడి అంత సూక్ష్మం కాబట్టి నిశ్శబ్దంగా ఉండే కొండల్లో బతుకుతుందట.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. సిగ్గుని మనమెప్పుడూ లోటుగానే లెక్కేశాం. మాట లేదు, చొరవ లేదు, ధైర్యం లేదు. ఏదో ఎక్కువ ఉండడంవల్ల మనిషి వెనక్కి జరుగుతుందని ఎవరూ అనుకోరు. నలభైమంది ఉన్న గదిలో ఎవరి గొంతు వణికిందో, ఎవరి నవ్వులో వెక్కిరింత ఉందో అన్నీ వినపడే పిల్లకి, వాటన్నిటి మధ్య తన గొంతు ఎక్కడ పెట్టాలో తేల్చుకోవడానికి సమయం పడుతుంది. మనం అడిగేది 'ఎందుకు మాట్లాడవు' అని. 'ఏం వినపడుతోంది' అని అడగం.

అయితే ఇక్కడొక ప్రమాదముంది. బిడియాన్ని మెచ్చుకుంటే ఆడవాళ్ల నోరు నొక్కినవాళ్లకి మనమే సాయం చేసినట్టవుతుంది. తరతరాలుగా మాట పెగలనివ్వని ఇళ్లల్లోంచి వచ్చిన మనం, మౌనాన్ని అందంగా వర్ణించడానికి వెనకాడాలి కూడా. కాబట్టి నేను తేడా ఒకచోట పెట్టుకుంటాను. దాక్కున్నది ఎవరి నిర్ణయం? బయటికి రావడం ఎవరి నిర్ణయం? తాళంచెవి ఎవరి దగ్గరుంది?

గోల్డ్, సిల్వర్ ఆటల్లో ఈ ప్రశ్నకి జవాబు లాంటి ఒక ఘట్టం ఉంది. ఆ ఆటల లోపల నిజమైన గడియారం నడుస్తుంది. చంద్రపర్వతం దగ్గర చిన్న మైదానంలో సోమవారం రాత్రి పిప్పిలు వచ్చి ఆడతాయి. మంగళవారం వెళితే ఖాళీ. సోమవారం పగలు వెళ్లినా ఖాళీ. ఆ నాట్యమాడేవాటిని బంతిలో బంధించడం కుదరదు, చూడ్డమే. అవి వెళ్లిపోయాక అక్కడున్న రాయి పగలగొడితే చంద్రశిల దొరుకుతుంది. హార్ట్‌గోల్డ్‌లోనూ ఈ ఘట్టాన్ని ఉంచారు. అన్నిటినీ పట్టుకోమని చెప్పే ఆట, ఒక్క మైదానంలో మాత్రం వాళ్లు వచ్చేదాకా ఆగు, చూడు, వెళ్లనివ్వు అంటుంది. గుహలో ఎదురైన పిప్పిని పట్టుకోవచ్చు కదా అంటే, పట్టుకోవచ్చు. ఆట రెండు నియమాలనీ పక్కపక్కనే ఉంచింది. లోకమూ అంతే.

వెన్నెల్లో ఆడే ఆడవాళ్లు జపాన్ కథలకి కొత్త కాదు. నోహ్ నాటకాల్లో హగొరొమొ అని ఒకటుంది. ఆ పేరుకి ఈకల వస్త్రమని అర్థం. మిహొ సముద్రతీరంలో పైన్ చెట్టుకి వేలాడుతున్న ఆ వస్త్రం ఒక జాలరికి దొరుకుతుంది. అది దేవకన్యది. అది లేనిదే ఆమె ఆకాశానికి పోలేదు. నాట్యం చేసి చూపిస్తే ఇస్తానంటాడు. వస్త్రం లేకుండా ఆడలేనంటుంది. ముందే ఇస్తే ఆడకుండా ఎగిరిపోతావేమోనని అతని అనుమానం. అనుమానం మనుషులకే గాని దేవలోకంలో మోసం లేదంటుంది ఆమె. ఆ మాటకి జాలరి సిగ్గుపడి వస్త్రం ఇచ్చేస్తాడు. ఆమె చంద్రలోకపు నాట్యం చేసి, పైకి పైకి వెళ్లి పొగమంచులో కలిసిపోతుంది. పిప్పిని గీసినవాళ్లకి ఈ నాటకం స్ఫూర్తి అని నేననడం లేదు. నాకు పట్టినది ఆ ఒక్క క్షణం. గోపికల చీరలెత్తుకుపోయిన కథలో సిగ్గంతా నీళ్లలో నిలబడ్డ ఆడవాళ్ల పాలైంది. ఇక్కడ బట్ట పట్టుకున్నవాడు సిగ్గుపడ్డాడు. సిగ్గు చేరాల్సిన చోటికి చేరితే ఆమె నాట్యం చేయగలిగింది, వెళ్లిపోగలిగింది కూడా.

చివరిగా పేరు సంగతి. 1996 నుంచి 17 ఏళ్లపాటు పిప్పి నార్మల్ రకం ప్రాణి. అంటే ప్రత్యేకించి ఏ శక్తీ లేనిది, సాధారణమైనది. మా అమ్మాయి ఆడే పాత ఆటలో ఇప్పటికీ అంతే. 2013 అక్టోబరులో ఎక్స్, వై ఆటలు వచ్చినప్పుడు ఫెయిరీ అనే కొత్త రకాన్ని సృష్టించి పిప్పిని అందులోకి మార్చారు. అంతవరకు అందరూ భయపడిన డ్రాగన్ రకం దెబ్బలు ఆ రోజు నుంచి దాని మీద పనిచేయవు. దాని దెబ్బ మాత్రం డ్రాగన్‌కి రెట్టింపు తగులుతుంది. పిప్పి ఒళ్లు మారలేదు, రంగు మారలేదు, బిడియమూ పోలేదు. ఉన్నదానికి సరైన పేరు దొరికింది, అంతే. వంటింటి చాకిరీకి, పడకగది బలాత్కారానికి, ఆఫీసు వేధింపుకి పేర్లు పెట్టడానికి స్త్రీవాదులు ఎందుకంత పెనుగులాడారో ఇంతకంటే తేలిగ్గా పిల్లలకి చెప్పే ఉదాహరణ నాకు తెలీదు. పేరు లేనంతకాలం అది 'మామూలే'. పేరు వచ్చాక డ్రాగన్ ఆగాల్సి వచ్చింది.

'బిడియస్థురాలు' అన్న మాటకి కూడా వేరే పేరు వెతకాలని నాకుంది. ఈ ఏడు రిపోర్టు కార్డు మీద తల్లిదండ్రుల అభిప్రాయం రాయాల్సిన గడిలో 'బాగా వింటుంది' అని రాసి సంతకం పెట్టాను. మా అమ్మాయి అది చదివి ఏమీ అనలేదు. కార్డు సంచిలో పెట్టుకుని, సోమవారం కదా, డీఎస్ చార్జింగ్‌లో ఉందో లేదో చూడ్డానికి లోపలికి వెళ్లింది.