పళని దారిలో పాత ఎఫ్.సి. బండి

కోయంబత్తూరు నుంచి పళనికి పోయే దారి మన తెలుగువాళ్లకు కొత్తదేమీ కాదు. 1920లో జి.డి. నాయుడుగారు ఒకే ఒక్క బస్సుతో తమ రవాణా వ్యాపారాన్ని మొదలుపెట్టింది ఈ దారిలోనే, పొల్లాచికీ పళనికీ మధ్య. కలంగల్ అనే పల్లెలో 1893లో ఒక తెలుగు రైతు ఇంట పుట్టిన ఆయన, ఆ ఒక్క బస్సు నుంచి యు.ఎం.ఎస్. దాకా ఎదిగారు. 1937లో డి. బాలసుందరం నాయుడుగారితో కలిసి ఆయన చేయించిన విద్యుత్ మోటారును దేశంలో తయారైన తొలి మోటారుగా చెప్పుకుంటారు. అవినాశి రోడ్డులో 2015లో తెరిచిన జీడీ కార్ల మ్యూజియం చూస్తే, ఈ కుటుంబానికి బండ్లంటే ఎంత ప్రీతో తెలుస్తుంది. ఇక్కడి తెలుగు ఇళ్లలో గోడౌను మూల ఏదో ఒక పాత బండి ఉండటం వింత కాదు. మా ఇంట్లో ఉన్నది ఎఫ్.సి. 150 పికప్పు.

ఆ బండిని చూడనివారికి రెండు మాటలు చెప్పాలి. మహీంద్రా వారు 1947లో విల్లీస్ జీపుల బిగింపు మొదలుపెట్టారు. 1965 నుంచి ఈ ఎఫ్.సి. బండ్లు కూడా తయారుచేశారు. ఎఫ్.సి. అంటే ఫార్వర్డ్ కంట్రోల్. అంటే ఇంజను ముందు, డ్రైవరు వెనక కాదు. డ్రైవరు కూర్చునేది దాదాపు ముందు చక్రాల మీదే. ఇంజను పెట్టె రెండు సీట్ల మధ్య పిల్లి గదిలో పడుకున్నట్టు ఉంటుంది. ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య దూరం 81 అంగుళాలే. చిన్న జాగాలో ఎక్కువ సరుకు పట్టాలన్న లెక్కతో కట్టిన బండి అది. సరుకు గురించి ఆలోచించినంత మనిషి గురించి ఆలోచించలేదు. ముందు చక్రం గుంటలో పడితే ఆ దెబ్బ తిన్నగా నడుముకు తగులుతుంది. ఇంజను వేడి మోకాలికి తగులుతుంది. 2.2 లీటర్ల పెట్రోలు ఇంజను చప్పుడు చెవిలోనే పుడుతుంది.

మా నాయన దీన్ని సెకండ్ హ్యాండులో కొని, ముప్పై ఏళ్లు కొబ్బరికాయలు, ఎరువులు మోశారు. ఆయన పోయాక అది షెడ్డులో నిలబడింది. పోయిన ఏడాది ఒక పాత ఇనుము వ్యాపారి వచ్చి ధర చెప్పాడు. మా అన్న ఇచ్చేద్దామన్నాడు. అందులో తప్పు లేదు. దాన్ని నడిపేవాళ్లు లేరు, అందులో కూర్చునేవాళ్లు అంతకన్నా లేరు. అప్పుడు మా అమ్మ ఒక మాట చెప్పింది. "నన్ను ఒకసారి అందులో పళనికి తీసుకుపోండి. నా నడుము తట్టుకుంటే బండి ఇంట్లో ఉండాది. తట్టుకోకుంటే ఇచ్చేయండి, నేనేమీ అనుకోను." అమ్మకు 76 ఏళ్లు. నడుం నొప్పి వల్ల ఆ బండి ఎక్కి ఇరవై ఏళ్లయింది. ఆషాఢం దాకా గడువు దొరికింది మాకు.

ఆడి మాసంలో ఒక గురువారం తెల్లవారి బయలుదేరాం. నేను స్టీరింగు పట్టుకున్నాను, అమ్మ పక్క సీటులో కూర్చుంది. అన్న కుటుంబం కారులో వెనక వచ్చింది. అమ్మ ఎప్పుడు కావాలంటే అప్పుడు కారులోకి మారిపోవచ్చన్నది ఒప్పందం.

ఎక్కడంలోనే మొదటి పరీక్ష. ఎఫ్.సి. క్యాబిన్ ఎత్తు. చక్రం దగ్గరే కాలు పెట్టి పైకి లేవాలి. బాడీకి ఏమీ చేయకుండా, తలుపు పక్క స్తంభానికి ఒక గట్టి పిడి బిగించి, వెంట ఒక చెక్క పీట తెచ్చుకున్నాం. కీళ్లు నొప్పులున్న పెద్దవాళ్లకు మెత్తని సీటు కన్నా ముందు కావలసింది చేతికి పట్టు, కాలికి మెట్టు. అమ్మ పీట మీద కాలు పెట్టి, పిడి పట్టుకుని, ఎవరి సాయమూ లేకుండా ఎక్కింది.

ఉక్కడం దాటేసరికి రోడ్డు గతుకులు మొదలయ్యాయి. కమాను కట్టల మీద మేస్త్రీ పడ్డ కష్టం అప్పుడు తెలిసింది. ఈ బండికి నాలుగు చక్రాలకూ కమాను పట్టీలే. ఏళ్ల తరబడి నిలబడితే పట్టీల మధ్య తుప్పు చేరి, ఒకదాని మీద ఒకటి జారవలసినవి అతుక్కుపోతాయి. అప్పుడు కమాను కమానులా వంగదు, దుంగలా ఉంటుంది. కట్టలు విప్పి, ఒక్కొక్క పట్టీ రుద్ది, గ్రాఫైటు గ్రీజు రాసి, షాకిల్ బుష్షులు కొత్తవి వేయించాం. ఒక పట్టీ తీసేస్తే మెత్తగా పోతుందని కొందరు సలహా ఇచ్చారు. మేస్త్రీ ఒప్పుకోలేదు. రేపు బరువు వేస్తే మిగిలిన పట్టీలు విరుగుతాయన్నాడు. అది సరైన మాట. కమాను దెబ్బను మింగుతుంది, మింగినదాన్ని మళ్లీ పైకి కక్కుతుంది. ఆ ఊగును ఆపేది షాక్ అబ్జార్బరు. నాలుగూ నూనె కారి ఎండిపోయి ఉన్నాయి, నాలుగూ మార్చాం.

దీనికన్నా చవకైన మందు టైర్లలో ఉంది. టైరు పక్కన అచ్చు వేసిన నాలుగంకెలలో మొదటి రెండూ వారాన్ని, చివరి రెండూ సంవత్సరాన్ని చెబుతాయి. మా బండి టైర్లకు గాడి బాగానే ఉంది కానీ రబ్బరు రాయిలా అయిపోయింది. కొత్తవి వేశాం. నిండు బరువుకు పెట్టే గాలి ఖాళీ బండికి పెడితే బంతిలా ఎగురుతుంది. కంపెనీ చెప్పిన హద్దుల్లోనే, బరువును బట్టి గాలి సర్దుకోవాలి.

ఈచ్చనారి వినాయకుడి గుడి దగ్గర ఆగి కొబ్బరికాయ కొట్టాం. అక్కడి నుంచి కిణత్తుకడవు దాకా రోడ్డు తిన్నగా ఉంటుంది. తిన్నని రోడ్డులో పాత బండి బుద్ధి బయటపడుతుంది. ఇదివరకు స్టీరింగు అటు రెండంగుళాలు, ఇటు రెండంగుళాలు తిప్పుతూ ఉంటే గానీ బండి దారిలో ఉండేది కాదు. అలా వంద కిలోమీటర్లు నడిపితే భుజాలు పడిపోయేవి. మేస్త్రీ స్టీరింగు బాక్సు జోలికి ముందుగా పోలేదు. చివరల నుంచి మొదలుపెట్టాడు: టై రాడ్ ఎండ్లు, కింగ్ పిన్ బేరింగులు, చక్రాల బేరింగులు, అటు తరవాత బాక్సు, చిట్టచివర చక్రాల అలైన్‌మెంటు. ఇప్పుడు 50 కిలోమీటర్ల వేగంలో రెండు వేళ్లతో పట్టుకుంటే చాలు. బ్రేకులు నాలుగూ డ్రమ్ములే, బూస్టరు లేదు. రబ్బరు గొట్టాలు, సిలిండర్ల కిట్లు మార్చి నాలుగు చక్రాలూ సమానంగా పట్టేలా సర్దారు. ఆగుతుందో లేదో అన్న బెంగ ఉన్న బండిలో ఎంత మెత్తని సీటు వేసినా సుఖం ఉండదు.

పొల్లాచిలో ఆ రోజు పశువుల సంత. సంత పక్కన టిఫిను తింటుంటే బండి చుట్టూ జనం చేరారు. ఒక పెద్దాయన అరవంలో అడిగారు, దీనికి వింటేజి నంబరు తీసుకోలేదా అని. 2021లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, మూల రూపం మారని సొంత బండ్లకు వింటేజి రిజిస్ట్రేషను దొరుకుతుంది. కానీ దాన్ని రోజువారీ పనికి నడపకూడదు. మాది తోట పనికి తిరగవలసిన బండి. సొంత వాహనంగానే రిజిస్టరై ఉంది కాబట్టి, తనిఖీ చేయించి ఐదేళ్లకోసారి మామూలు రిజిస్ట్రేషనే పొడిగించుకుంటున్నాం. ఇంకొక సంగతి కూడా గుర్తుంచుకోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు కంపెనీ ఇచ్చిన రూపానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. అందుకే ఇంజను, గేర్లు, ఛాసిస్ ఏవీ ముట్టుకోలేదు. అరిగినవి మార్చడం, కారేవి మూయడం, మోగేవి ఆపడం, ఇంతే మా పని.

పొల్లాచి రుణం మా సీట్లలో కూడా ఉంది. ఈ ఊరి చుట్టూ కొబ్బరి తోటలు, పీచు మిల్లులు. పాత సీట్లలో పీచు పొడి అయిపోయి, కింది స్ప్రింగులు గుచ్చుకునేవి. రబ్బరు పట్టించిన పీచు పలక అడుగున, దానిపైన గట్టి ఫోము, ఆపైన పలచని మెత్తటి పొర వేయించాం. మొత్తం మెత్తటి ఫోమే వేస్తే మొదటి పది కిలోమీటర్లు హాయిగా ఉండి, ఆ తరవాత మనిషి లోపలికి దిగబడి నడుం విల్లులా వంగిపోతుంది. అమ్మను సీటులో కూర్చోబెట్టి, నడుం వంపు దగ్గర తువ్వాలు మడిచి పెట్టి చూసి, ఆ ఎత్తుకు తగ్గట్టు కుషను కుట్టించాం.

ఉడుమలపేట వైపు తిరిగాక గాలి అందుకుంది. పాలక్కాడు కనుమ గుండా వచ్చే పడమటి గాలి అది. ఆడి గాలికి సన్నికల్లు కూడా ఎగురుతుందని ఇక్కడి సామెత. దారికి రెండు పక్కలా గాలిమరలు తిరుగుతున్నాయి, కుడి చేతి వైపు కొండలు నీలంగా కనిపిస్తున్నాయి. మాకు వెనకగాలి. అది బండిని తోస్తుంది గానీ రేడియేటరుకు ఎదురుగాలి దక్కనివ్వదు. వేడి ముల్లు మీద ఒక కన్ను వేసి ఉంచాను.

వేడి, చప్పుడు, ఈ రెండింటి మీదే ఎక్కువ రోజులు పనిచేశాం. ఇంజను పెట్టె మూత అంచు చుట్టూ కొత్త రబ్బరు, లోపలి వైపు వేడిని తట్టుకునే రేకు పూత ఉన్న పొర, పెడళ్లు వచ్చే కంతలకు రబ్బరు తొడుగులు, నేల మీద బరువైన చాప. అన్నిటికన్నా ముందు సైలెన్సరు గొట్టం కీళ్లలో పొగ కారుతున్నదేమో చూశాం. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, క్యాబిన్‌లోకి వస్తే ప్రాణానికే ముప్పు. ఇంజను కింది రబ్బరు దిమ్మలు, ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులు మార్చాక, నేల వణుకు కూడా సగం తగ్గింది.

చప్పుడు పూర్తిగా పోలేదు, పోదు కూడా. కానీ గొంతు పెంచకుండా మాట్లాడుకునేంతగా తగ్గింది. ఉడుమలపేట దాటాక అమ్మ మాట్లాడటం మొదలుపెట్టింది. ఒక తోట చూపించి, అక్కడి బావిలో తన చిన్నప్పుడు కపిల తోలేవారని చెప్పింది. ఇక్కడివారు కవలై అంటారు. ఎద్దులు ఏటవాలు బాటలో దిగుతుంటే తోలు బాన నీళ్లతో పైకి వచ్చేది. ఆ బాటకు, బానకు, మోకుకు, గిలకకు, ఎద్దులను వెనక్కి నడిపే పిలుపుకు ఒక్కొక్క తెలుగు మాట చెప్పింది. 1932లో పైకారా కరెంటు వచ్చాక, మోటార్లు దొరికాక, ఆ మాటలు బావులతో పాటే ఎండిపోయాయి. వాటిలో సగం నేను ఎన్నడూ వినలేదు. "మీ నాయనకు ఇవన్నీ తెలుసును. ఈ బండిలో ఆయనతో మాట్లాడేదానికి ఎప్పుడైనా అయిందా? అరిచి అరిచి ఊరుకుంటిమి," అంది.

మడత్తుకుళం దగ్గర అమరావతి నది దాటుతుంటే అన్న కారు పక్కకు తెచ్చి, మారుతుందేమో అడగమని సైగ చేశాడు. అమ్మ వద్దని చేయి ఊపి, అన్న కూతురిని పిలిపించింది. సీట్లు రెండే కదా, అందుకని తరవాత పళనిలో కొండ కింద నీడలో బండి నిలిపి, ఆ పిల్లను నా సీటులో కూర్చోబెట్టి, కపిల కథ మొదటి నుంచి చెప్పింది. కోయంబత్తూరు బడిలో అరవం, ఇంగ్లీషు చదివే ఆ పన్నెండేళ్ల పిల్ల తన నోటుబుక్కులో ఆ మాటలను అరవ అక్షరాలలో రాసుకుంది. మా అన్న పక్కన నిలబడి అంతా విన్నాడు.

దర్శనం చేసుకుని, పంచామృతం డబ్బాలు కొనుక్కుని తిరుగు దారి పట్టాం. ఇప్పుడు ఎదురుగాలి. ఎత్తయిన క్యాబిన్ మీద గాలి గుమగుమలాడింది. వేగం 40కి తగ్గించాను. అమ్మ కారు ఎక్కలేదు. పొల్లాచిలో దిగి, నడుం నిటారుగా పెట్టి రెండు అడుగులు వేసి చూసుకుంది.

"ఎట్లుండాది అమ్మా?" అన్నాడు అన్న.

"సీటు ఇంకో రెండు వేళ్లు ఎత్తుగా ఉండాల. కాళ్లు తిమ్మిరెక్కుతుండాయి," అంది.

మర్నాడు అన్నే పాత ఇనుము వ్యాపారికి ఫోను చేసి రావద్దని చెప్పాడు. కుషను కుట్టేవాడికి కూడా తనే చెప్పాడు.