ఉన్నిచమురు సబ్బు

ఈ శీర్షికను చూచి చదువరులలో కొందఱు నవ్వుకొనవచ్చును. గృహసంస్కారమును గూర్చియు స్త్రీవిద్యను గూర్చియు వ్రాయవలసిన పుటలలో గడ్డము గీచుకొను సబ్బునకు చోటెక్కడిదని యడుగవచ్చును. రెండేండ్ల క్రిందట మేమును అట్లే యడిగియుందుము. అఱువదియేండ్లు నిండిన వయస్సున, ఒక కుంచెయు నొక సబ్బుబిళ్ళయు చేతబట్టుకొని మా తండ్రిగారి యెదుట కూర్చున్ననాడు గాని, ఈ చిన్నపనిలో మా యింటి లోపమెంత దాగియున్నదో మాకు తెలియలేదు.

మాది గోదావరి కాలువల క్రింది గ్రామము. మా తండ్రిగారికి ఎనుబదియాఱవయేట పక్షవాతము వచ్చి కుడిచేయి పడిపోయెను. మాట కొంత తిరిగివచ్చినది గాని చేయి రాలేదు. అంతవఱకు ప్రతి బుధవారమును మా యూరి క్షురకుడు వచ్చి వారికి క్షౌరము చేసి పోవుచుండెను. ఆయనయు డెబ్బదియైదు దాటినవాడే. మోకాళ్లు పట్టుకొనిపోయి కొన్ని నెలలుగా ఇల్లు కదలకుండెను. కుమారుడు పట్టణములో సెలూను పెట్టుకొనెను. అందుచేత ఆ పని మాపై బడినది.

బజారునుండి మీట నొక్కిన నురుగు వెలువడు డబ్బా యొకటి తెచ్చితిమి. నురుగు చూచుటకు బాగుగనే యుండెను. మేము కత్తి యెత్తునప్పటికి సగము ఆరిపోయెను. ముసలితనమున చర్మము పలుచనై ముడుతలుపడియుండును. మా చేతికి నిదానము లేదు. గడ్డము క్రింద రెండుచోట్ల తెగి రక్తము వచ్చినది. వారేమియు ననలేదు, కన్నులు మాత్రము మూసికొనిరి. మఱుసటి బుధవారము, "ఈ వారం వద్దులేరా" అనిరి. ఆ పైవారమును అంతే. గడ్డము మాసినదని వారు వీధియరుగుమీదికి వచ్చుట మానుకొనిరి. ఎవరైన పలుకరింప వచ్చినచో గోడవైపు తిరిగి పండుకొనుచుండిరి. మంచముపట్టిన మనుష్యునికి మిగిలియుండు గౌరవములు మిక్కిలి కొలది. వానిలో నొకదానిని మా తొందరచేత పోగొట్టితిమని మాకు తోచినది.

అప్పుడు మేము ఆ క్షురకుని యింటికి పోయితిమి. ఆయన అఱువదియేండ్లు మా యింటికి వచ్చెను. మేము వారి గడప త్రొక్కుట అదే మొదటిసారి. మమ్ము చూచి ఆయన కంగారుపడి లేవబోయెను. మేము వలదని వారించి సంగతి చెప్పితిమి. డబ్బా నురుగు మాట విని నవ్వెను.

"గడ్డాన్ని సగం నీళ్లే కోస్తాయండి బాబుగారూ. మిగతా సగమే కత్తి పని. మీరు నీళ్లకి వ్యవధి ఇవ్వలేదు. ఇంతకీ ఏ నీళ్లు వాడారండి?"

బోరునీళ్లంటిమి.

"అదీ సంగతి. ఆ నీళ్లలో సబ్బు విరిగిపోద్దండి. నాన్నగారికి నేనెప్పుడూ కాలవనీళ్లు కాచి తెచ్చేవోణ్ణి."

వారమువారమును ఆయన పొదితోపాటు ఒక చెంబు తెచ్చుకొనుట మేము చిన్ననాటినుండి చూచినదే. మా నూతినీరు తాకగూడదని తెచ్చుకొనుచున్నాడని యనుకొంటిమి గాని, అది పనితనమని యెన్నడును తలపలేదు. బోరునీటిలో సున్నపుపాలు మెండు. అది సబ్బుతో కలిసినప్పుడు నురుగు రాదు, తెల్లని తెట్టు కట్టును. కాచినచో ఆ సున్నములో కొంత అడుగున పేరుకొని నీరు మెత్తబడును. ఈ సంగతి మేము కళాశాలలో చదివి పరీక్షలో వ్రాసి మఱచితిమి. ఆయన బడికి పోకయే చెంబులో పెట్టుకొని మోసెను.

ఇంక సబ్బు కథ. మా కుమార్తె ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డు నగరమున చదువుకొని వచ్చుచు, తాతగారి కొఱకు ఒక గుండ్రని క్షౌరపు సబ్బుబిళ్ళ తెచ్చినది. అందు లానోలిను కలిసియున్నది. లాటిన్ భాషలో లానా యనగా ఉన్ని, ఓలియం అనగా నూనె. ఎండవానలనుండి కాపాడుకొనుటకు గొర్రె మేనినుండి యొక విధమైన జిడ్డు ఊరి ఉన్నికి పట్టియుండును. సన్నని ఉన్నిగల మెరినో గొర్రెలకు అది యెక్కువ. మన దక్కను గొర్రెల ముతక ఉన్నికి తక్కువ. ఉన్నిని వేడినీటిలో కడిగినప్పుడు ఆ జిడ్డు నీటిలోనికి దిగును. దానిని వేరుచేసి శుద్ధిచేసినదే లానోలిను. 1882లో లీబ్రైఖ్, బ్రౌన్ అను జర్మనులు ఇరువురు దానిని శుద్ధిచేయు విధానమునకు పేటెంటు పొందిరి. చూచుటకు కొవ్వువలె నుండును గాని రసాయనశాస్త్రము ప్రకారము అది మైనము. నీటితో కలియదనిపించును గాని తన బరువునకు మించిన నీటిని తనలో నిముడ్చుకొనగలదు.

బ్రాడ్‌ఫర్డు 19వ శతాబ్దమున ఉన్నిమిల్లులకు ప్రపంచప్రసిద్ధి గాంచిన యూరు. ఉన్ని కడిగిన మురికినీరు ఆ నగరపు కాలువలను పాడుచేసెను. తరువాతి కాలమున ఎషోల్టు అనుచోట నున్న నగరపాలకుల మురికినీటి కర్మాగారమున ఆ నీటినుండియే జిడ్డును వేరుచేసి విక్రయించిరి. ఛీకొట్టి పాఱవైచిన మురుగులో పనికివచ్చు పదార్థముండినది, చూడదలచినవారికి కనబడినది.

సబ్బు సంగతియు కొంత చెప్పవలెను. మంచి క్షౌరపు సబ్బునందు స్టియరిక్ ఆమ్లమును పొటాషు క్షారముతోను కొంత సోడా క్షారముతోను కలిపి చేయుదురు. పొటాషు సబ్బు మెత్తనిది, నీట త్వరగా కరగి మీగడవంటి నురుగునిచ్చును. సోడా సబ్బు బిళ్ళకు గట్టిదనమునిచ్చును. లానోలిను కొలదిగా చేర్చినచో, కడిగినపిదప చర్మముపై పలుచని పొరగా నిలిచి తడి ఆరిపోకుండ కాపాడును. అయితే కొందఱి చర్మమునకు లానోలిను సరిపడదు, దద్దులెక్కును. కావున ముందుగా మోచేతిలోపలివైపు కొంచెము రాచి ఒకదినము చూచుట మేలు.

క్షురకుడు చెప్పిన క్రమమిది. కాచిన నీటిలో తువాలు ముంచి పిండి గడ్డముపై రెండుమూడు నిమిషములుంచవలెను. వెండ్రుక నీరు త్రాగి మెత్తబడును. కుంచెను తడిపి, నీరు కారకుండ విదిలించి, బిళ్ళపై అరనిమిషము రుద్దవలెను. మొదట జిగురువలె వచ్చును. అప్పుడే ముఖమునకు పూయరాదు. వ్రేళ్లతో నాలుగుచుక్కల నీరు చిలుకరించి మరల త్రిప్పవలెను. నీరు తక్కువైన నురుగు పట్టుకొనును. ఎక్కువైన బుడగలై చెదరును. పెరుగు తోడుకొన్నట్లుండిన అది పదను. సేఫ్టీరేజరుతోనైనను కత్తిని అదుమరాదు. దాని బరువే చాలును. మొదట వెండ్రుక వాలినదిక్కునకే పోవలెను. ముడుతలను ఎడమచేతి వ్రేళ్లతో సాగదీసి పట్టవలెను. పిదప చల్లనినీటితో కడిగి పటిక రాయవలెను.

ఆ బుధవారము మేము కాలువనీరు కాచి, మా తండ్రిగారిని వాలుకుర్చీలో కూర్చుండబెట్టి, కుంచె త్రిప్పనారంభించితిమి. వారు నురుగువైపు తేఱిపాఱ చూచి యడిగిరి:

"ఇది దేంతో చేశార్రా?"

"గొర్రె ఉన్ని కడిగితే వచ్చే చమురు కలిపారు, నాన్నగారూ."

"చంపుతారా?"

"అక్కరలేదండి. బొచ్చు కత్తిరించి దాన్ని కడుగుతారు." మిగిలిన నూనెలన్నియు చెట్లనుండి వచ్చినవేయని పెట్టెమీది వ్రాత చదివి వినిపించితిమి.

మా తండ్రిగారు నిష్ఠగలవారు. చాలసేపు పలుకలేదు. వద్దందురేమోయని మేము కుంచె పట్టుకొని నిలిచితిమి. కడకు, "ధావళీ ఉన్నేగా. కానియ్యి" అని గడ్డమెత్తిరి.

ఆనాడు ఒక్కగీటైనను పడలేదు. సాయంకాలము వారు అరుగుమీద కూర్చుండిరి. ఎదురింటి పిల్లవాడు, "తాతగారూ, పెళ్లికి వెళ్తున్నారా?" అని యడిగిపోయెను.

మాకు మాత్రము ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ధావళీ యన్న యామాటయే చెవిలో మెదలుచుండెను. నిజమే. తద్దినమునాడు మా తల్లిగారు ధావళీ కట్టుకొని వంట చేసినది. గొర్రె యెక్కడెక్కడ పొరలాడినను దాని ఉన్ని మాకు మడి. మఱి వారమువారమును మా తండ్రిగారి కంఠముపై కత్తిపెట్టి యొక్కగీటు పడకుండ కాపాడిన ఆ చేయి మాకు మైల! ఆయనకు పెరటిదారియే గాని వీధిగుమ్మము లేదు. పని ముగియగనే మా తండ్రిగారు దేనిని తాకక తిన్నగా నూతికడకు పోయి తలనిండ స్నానము చేయుదురు. డబ్బు అరచేతిలో పైనుండి విడుచుటయే గాని చేతికందించుట లేదు. కళ్లములో మేర కొలిచిననాడును అంతే. ఆ కుటుంబమువారే మా వివాహమున సన్నాయి ఊదిరి. వారి వాద్యము లేనిదే మంగళసూత్రము కట్టరాదని మా పెద్దలనిరి. వారి యూపిరి మంగళము, వారి చేయి అమంగళము! ఈ రెంటిని ఒకేయింట పెట్టుకొని మేము తర్కశాస్త్రము చదివితిమి.

ఇంకొక సంగతి వ్రాయక తప్పదు. మా నాయనమ్మగారి అక్కగారు పండ్రెండవయేట వితంతువైరి. మా చిన్నతనమున నెలకొకసారి గొడ్లసావిడి వెనుక వారిని కూర్చుండబెట్టి, ఈ క్షురకుని తండ్రి తలగొఱుగుచుండెను. ఆవిడ యేడ్చుట మేము చూడలేదు. తల యొగ్గి నేలవైపు చూచుచుండుట చూచితిమి. అదే సమయమున మా ముందుగదిలో వీరేశలింగము పంతులుగారి పటము వ్రేలాడుచుండెను. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున పంతులుగారు మొదటి వితంతువివాహము చేయించిరని మా తండ్రిగారే మాకు చెప్పిరి. మేము పిల్లలము ఆ కత్తిని, ఆ క్షురకుని ద్వేషించితిమి. ఆ కత్తిని పిలిపించినవారిని ద్వేషింపలేదు; వారు మావారు గదా. 1890లో బొంబాయి క్షురకులు సభచేరి, ఇకమీద వితంతువుల తలలు గొఱుగమని తీర్మానించుకొనిరని పెద్దయైన పిదప చదివితిమి. వేదాధ్యయనము చేసిన యిండ్లలో పుట్టవలసిన జాలి, ఆ యిండ్ల పెరటిదారిన వచ్చువారికి ముందు పుట్టినది.

ఈ సంగతులన్నియు మా తండ్రిగారితో అనుటకు మాకు నోరు రాలేదు. మంచమునున్న పెద్దవారిని విచారణకు నిలువబెట్టుట ధర్మమా? వారొక్కరే చేసినది కాదు. మేమును అఱువదియేండ్లవఱకు ఆ క్షురకుని "నువ్వు" అనియే పిలిచితిమి. మేము చేయగలిగినది మేము చేసితిమి. మఱునాడు పోయి, "మీరొకసారి వచ్చి మా చేతివాటము చూచి తప్పులు దిద్దవలె"నని వేడితిమి. "మీరు" అను మాటకు ఆయన మా ముఖమువైపు చూచెను, ఏమియు ననలేదు.

బుధవారమునాడు రిక్షాలో తీసికొనివచ్చితిమి. అలవాటుచొప్పున పెరటివైపు తిరుగబోగా చేయిపట్టుకొని వీధిగుమ్మమున లోనికి తెచ్చితిమి. గదిలో కుర్చీ వేసియుంచితిమి. ఆయన కూర్చుండలేదు, గోడనానుకొని నిలుచుండెను. మేమెంత చెప్పినను వినలేదు. మా తండ్రిగారు కొంతసేపు చూచిరి. పిదప ఎడమచేతితో తమ మంచపుపట్టెను రెండుమార్లు తట్టిరి. ఆయన వచ్చి అంచున కూర్చుండెను. మేము కుంచె త్రిప్పుచుండగా, "నీళ్లు చాల్లేదు బాబుగారూ, ఇంకో రెండు చుక్కలు" అని దిద్దుచుండెను. ఎడమచెక్కిలి అయినపిమ్మట కత్తి తానే తీసికొని కుడివైపు పూర్తిచేసెను. మా తండ్రిగారు ఈసారి కన్నులు మూసికొనిరి గాని, అది మా కత్తికి మూసికొన్నట్టిది కాదు.

ఆయనను ఇంటికడ దింపి వచ్చి, స్నానమునకు నీళ్లు పెట్టమందురాయని మేము తండ్రిగారినడిగితిమి.

"పొద్దున్నే చేశాగదరా" అని వారు అటువైపు తిరిగి పండుకొనిరి.

ఇంతకంటె మేము చెప్పదగినది లేదు. మీ యింట పెద్దవారుండినచో వారి గడ్డము గీచుట నేర్చుకొనుడు. నీరు కాచుకొనుడు, తొందరపడకుడు. నేర్పగలవారు మీ యూరనే యుందురు. వారియింటికి మీరే పోవుడు. వారు వచ్చిననాడు వీధిగుమ్మము తెఱచియుంచి కుర్చీ వేయుడు. కూర్చుండనిచో మరల వేయుడు.