అడగాల్సింది అడక్కుండా

సినిమా పేజీ రాసిన రోజుల్లో నేను ఏ పాతతరం కళాకారుణ్ణి కలిసినా అడిగే ప్రశ్న ఒకటే ఉండేది. "ఎన్టీఆర్ గారితో పనిచేసిన అనుభవం చెప్పండి." ఎదురుగా ఉన్నది ఆడమనిషైతే ఎన్టీఆర్ బదులు సావిత్రి. ఆ కూర్చున్నవాళ్లు చిన్న వేషాలు వేసినవాళ్లు కావచ్చు, మేకప్ పెట్టె మోసినవాళ్లు కావచ్చు, కోరస్‌లో గొంతు కలిపినవాళ్లు కావచ్చు. వాళ్ల గురించి తెలుసుకోవాలని నేను వెళ్లలేదు. వాళ్ల నోట పెద్దవాళ్ల కబురు వినాలని వెళ్లాను. జనం చదివేది అదేనని ఎడిటర్ గారు అనేవారు కానీ, తప్పు ఆయన మీదికి నెట్టను. ఆయన అనకపోయినా నేను అదే అడిగేవాణ్ణి. పెద్ద పేర్లంటే నాకే మోజు.

అలా తెనాలిలో ఒక పెద్దావిడ ఇంటికి వెళ్లాను. పద్యనాటకాల్లో సత్యభామ, చింతామణి వేసి, తర్వాత మద్రాసు వెళ్లి సినిమాల్లో పక్కింటావిడగానో పెళ్లిపందిట్లో ముత్తైదువగానో కనపడి, వయసు మీదపడ్డాక సొంతూరు చేరినావిడ. సావిత్రి పుట్టిన చిర్రావూరు తెనాలికి దగ్గరే కాబట్టి ఏదో ఒకటి దొరక్కపోదని నా ఆశ. ఆవిడ నాకోసం ఇస్త్రీ చీర కట్టుకుని, పాత ఫొటోలన్నీ ఒక పళ్లెంలో సర్దిపెట్టుకుని కూర్చుంది. నేను టేప్ రికార్డర్ ఆన్ చేసి నా ప్రశ్నలు నేను అడిగేసి, పళ్లెంలోంచి సావిత్రి ఉన్న ఫొటో ఒక్కటే తీసుకుని వచ్చేశాను. వ్యాసం బాగానే వచ్చింది. పైన సావిత్రి ఫొటో పెద్దది, కింద ఆవిడది తపాలా బిళ్లంత. అందరికీ తెలిసిన సంగతులే ఆవిడ మాటగా మరోసారి అచ్చయ్యాయి.

కొన్నేళ్లకి ఆవిడ పోయిందని కబురొచ్చింది. ఇంటర్వ్యూ చేసింది నువ్వే కదా, నివాళి రాయమన్నారు ఎడిటర్ గారు. సరేనని కూర్చున్నాను. ఏ ఊళ్లో పుట్టింది? తెలియదు. మొదట ముఖానికి రంగు వేసింది ఏ సమాజంలో? తెలియదు. నాటకం నేర్పిన గురువెవరు? రాసుకోలేదు. నేను రాసిన వ్యాసమే తీసి చదివాను. అందులో ఆవిడ గురించి ఉన్నదల్లా "అని ఆమె గుర్తుచేసుకున్నారు" అన్న ముక్క, నాలుగైదు చోట్ల.

కేసెట్ వెతికాను. మేం కేసెట్లు మళ్లీ మళ్లీ వాడేవాళ్లం. ఒకవైపు ఎవరిదో ప్రెస్‌మీట్ ఎక్కేసింది. రెండోవైపు ఆవిడ మిగిలింది. రాత్రి ఆఫీసులో ఒక్కణ్ణే కూర్చుని విన్నాను. ఎదుటిమనిషి మాటని ఎలా తుంచుతామో మనకి మాట్లాడేటప్పుడు తెలియదు, టేపులో వింటేనే తెలుస్తుంది.

ఆవిడ చెబుతోంది: "మైకుల్లేని రోజులు బాబూ. ఊరంతా వచ్చి చాపలేసుకుని కూర్చునేది. అరిస్తే తెల్లారేదాకా గొంతు నిలవదు. మాట మొదలు ఎవరైనా గట్టిగానే అంటారు, చివరి అక్షరం మింగేస్తారు. వెనకాల కూర్చున్నవాడికి అందనిది ఆ అక్షరమే. అందుకని మా గురువుగారు ఏం చేసేవారంటే, ఒక కర్ర పట్టుకుని..."

వెంటనే నా గొంతు: "అవునమ్మా. సావిత్రి గారిని మొదటిసారి ఎక్కడ చూశారు?"

ఆవిడ ఒక్క క్షణం ఆగింది. "సావిత్రమ్మనా..." అంటూ నేను అడిగింది చెప్పడం మొదలుపెట్టింది. అతిథి అడిగింది పెట్టడం అలవాటైన మనిషి. ఆ కర్రతో గురువుగారు ఏం చేసేవారో ఆవిడతోనే పోయింది. నేను టేపు వెనక్కి తిప్పి ఆ చోటే మళ్లీ మళ్లీ విన్నాను. మైకు లేకుండా ఊరందరికీ మాట వినిపించడమనే విద్య ఉంది చూశారూ, ఒక తరం నటులు దాని మీదే బతికారు. అది తెలిసిన మనిషి నేను అడక్కుండానే చెప్పబోతే, చెప్పనివ్వలేదు.

అదే టేపులో ఇంకాస్త ముందుకెళితే, నాటకం మొదలెట్టే ముందు అందరూ కలిసి పాడే ప్రార్థన ఆవిడ సన్నగా ఎత్తుకుంది. పద్యనాటకం చూసినవాళ్లెవరికైనా తెలిసిన ప్రార్థనే. "ఇది కట్టిన దాసుగారిని మా గురువుగారు చూశారట, ఖమ్మం వైపు వెళ్లినప్పుడు" అంది. నేను "సరేనమ్మా" అని ఇంకో హీరో పేరెత్తాను.

ఆ దాసుగారు చందాల కేశవదాసు. 1876లో ఖమ్మం దగ్గర జక్కేపల్లిలో పుట్టారు. హరికథలు చెప్పారు, 'కనకతార' నాటకం రాశారు. ఆ ప్రార్థన ఆయనదే. తెలుగులో మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద'కి పాటలు రాసిందీ ఆయనే, అంటే తెలుగు సినిమాకి మొదటి పాటల రచయిత. 1956లో పోయారు. ఈ వివరాలు నేను చాలా ఆలస్యంగా, పుస్తకాల్లోంచి ఏరుకున్నాను. ఆయన్ని కళ్లారా చూసిన మనిషి శిష్యురాలు నా ముందు కూర్చుని ఆయన ఊసెత్తినప్పుడు, ఆయనెవరో నాకు తెలియదు. తెలియకపోవడం తప్పు కాదు. "ఎవరమ్మా ఆ దాసుగారు?" అని అడక్కపోవడం తప్పు.

ఇక్కడ ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. సెప్టెంబరు 15 వచ్చిందంటే తెలుగు టాకీ పుట్టినరోజని నేనొక వ్యాసం రాసేవాణ్ణి. 1931లో ఆ రోజునే 'భక్త ప్రహ్లాద' విడుదలైందని అందరూ రాశారు, నేనూ రాశాను. ఒకరిని చూసి ఒకరం. పాత్రికేయుడు రెంటాల జయదేవ ఆ తేదీని అలా వదిలేయలేదు. ఏళ్ల తరబడి పాత పత్రికలు, సెన్సారు రికార్డులు తిరగేసి లెక్క తేల్చారు: సినిమాకి సెన్సారైందే 1932 జనవరిలో, బొంబాయిలో మొదట విడుదలైంది 1932 ఫిబ్రవరి 6న. అది చదివిన రోజు నా పాత వ్యాసాలన్నీ కళ్లముందు మెదిలాయి. దర్శకుడు హెచ్.ఎం. రెడ్డి గురించి రాశాను, తొలి హిందీ టాకీ 'ఆలం ఆరా' గురించి రాశాను. లీలావతి వేసిన సురభి కమలాబాయి గురించి ఒక్క వాక్యం, హిరణ్యకశిపుడు వేసిన మునిపల్లె సుబ్బయ్య పేరు బ్రాకెట్లో, ప్రహ్లాదుడు వేసిన పసివాడు సింధూరి కృష్ణారావు కొన్నిసార్లు అసలే లేడు.

వాళ్లని అలా పక్కకి నెట్టడం ఎందుకు తప్పో చెబుతాను. ఆ సినిమా ప్రింటు ఇవాళ లేదు. మనం చూడలేం. అది ఎలా ఉండేదో తెలియాలంటే అందులో చేసినవాళ్ల వైపు నుంచే వెళ్లాలి. సినిమాకి తీసుకున్నది సురభి వాళ్లు ఆడే ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటకం. మిగతా సమాజాల్లో ఆడవేషాలు మగవాళ్లు కడుతున్న కాలంలో సురభిలో ఆ ఇంటి ఆడవాళ్లే స్టేజీ ఎక్కేవారు. కమలాబాయి ఆ డేరాల్లో పెరిగిన మనిషి. తెరమీద మాట్లాడిన మొదటి తెలుగు నాయిక గొంతు, నడక, నిలబడే తీరు ఎక్కణ్ణుంచి వచ్చాయంటే, కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో మొదలైన ఆ కుటుంబాల నాటకాల్లోంచి. ఇది పక్కన పెట్టి తెలుగు టాకీ పుట్టుక రాస్తే అందులో మిగిలేది తేదీ ఒక్కటే. నేను రాసిన తేదీ కూడా తప్పే. అడుగుదామంటే మనుషులు లేకపోలేదు. కమలాబాయి 1971 దాకా ఉన్నారు. ఆ సినిమాలోనే చిన్న వేషం వేసిన ఎల్.వి. ప్రసాద్ 1994 దాకా ఉన్నారు.

ఇలాంటి పొరపాటు పత్రికలవాళ్లే చేస్తారని అనుకోకండి. పెళ్లిలో ఒక ముసలాయన కలుస్తాడు, మద్రాసులో ఏదో స్టూడియోలో లైట్‌బాయ్‌గా పనిచేశానంటాడు. మీరేం అడుగుతారు? "అయితే ఏయన్నార్‌ని చూశావా తాతా?" ఆయన చూశానంటాడు, అందరం సంతోషిస్తాం, భోజనాలకి లేస్తాం. నడివేసవిలో తలుపులు మూసిన ఫ్లోరులో, ఆ లైట్ల వేడిమిలో, పైన పలకల మీద గంటలకొద్దీ ఎలా నిలబడ్డాడో ఎవరం అడగం. వెలుగు కొంచెం తగ్గించమని కింద నుంచి కేక వేస్తే చేత్తో ఏం చేసేవాడో అడగం. హీరో ముఖం మీద పడిన ఆ వెలుగు ఆయన చేతిపనే.

నివాళి ఎలాగో రాశాను. టేపులో మిగిలింది మిగిలినట్టు, ఆవిడ మాటల్లోనే, చివరి అక్షరం మింగొద్దన్న మాటతో సహా. గురువుగారి కర్ర దగ్గర వాక్యం తెగిపోయింది. తెగింది నావల్లనే అని కూడా రాశాను. ఎడిటర్ గారు ఆ ముక్క కొట్టేయకుండా ఉంచారు.

ఆ తర్వాత కలిసిన మనుషుల్లో ఒక హార్మోనిస్టు ఉన్నాడు. రాయబారం నాటకాలకి జీవితమంతా వాయించినాయన. నేను కూర్చుని, "మీరు చేసే పనేమిటో మొదటినుంచీ చెప్పండి" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. అలా అడిగినవాళ్లు లేరు కాబోలు. పెట్టె ముందుకి లాక్కున్నాడు. ఒకే రాత్రి మొదటి కృష్ణుడు ఒకరు, రెండో కృష్ణుడు ఇంకొకరు వేస్తారనీ, ఒకరి శ్రుతి ఇంకొకరికి పట్టదనీ, సీను మారే ఆ కాస్త సందులో జనం గమనించకుండా శ్రుతి ఎలా మార్చాలో మెట్ల మీద వేళ్లు పెట్టి చూపించాడు. పద్యం అయిపోయి వన్స్‌మోర్ అని కేకలు పడుతుంటే, నటుడికి ఊపిరి అందిందో లేదో మెడ నరం చూసి పసిగడతాడట. అందకపోతే మళ్లీ ఎత్తుకునేదాకా రాగాన్ని తనే సాగదీస్తాడు. జనం చప్పట్లు కొట్టేది నటుడికే. పెద్ద నటుల పేర్లు ఆ సాయంత్రం బోలెడు వచ్చాయి. నేను అడగలేదు. ఎవరికి ఏ శ్రుతి, ఎవరు ఏ పద్యంలో ఎక్కడ తడబడతారు, అక్కడ తను ఏం వాయించి గట్టెక్కించాడు, అన్నీ ఆయనే వరసగా చెప్పుకొచ్చాడు. రెండు కేసెట్లు నిండాయి. మూడోది కొనడానికి మధ్యలో బజారుకెళ్లొచ్చాను.