ఫుల్లర్టన్ చిన్న పెట్టె

లాస్ ఏంజెలిస్ నగరానికి ఆగ్నేయంగా సుమారు 40 కిలోమీటర్ల దూరాన ఉన్న ఫుల్లర్టన్ ఒకప్పుడు నారింజతోటల ఊరు. తోటలు చాలావరకు కనుమరుగైనా, గిటారు వాద్యకారులు ఆ ఊరి పేరును నేటికీ ఆప్యాయంగా తలుస్తారు. 1938లో లియో ఫెండర్ రేడియో మరమ్మతుల దుకాణం తెరిచింది ఇక్కడే. ఆయనకు గిటారు వాయించడం రాదు!

ఆయన కర్మాగారపు యాంప్లిఫయర్లలో మరీ చిన్నది ‘చాంప్’. నేర్చుకునే పిల్లల కోసం చౌకగా చేసినది. 1950ల చివరి చాంప్‌లో మూడే వాల్వులు, 8 అంగుళాల స్పీకరు, తిప్పడానికి ఒకే ఒక నాబ్. శక్తి 5 వాట్లు. మన పాత వాల్వు రేడియోలాగే వేడెక్కితే గాని పలకదు.

నాబ్ కొద్దిగా తిప్పితే స్వరం తేటగా, చిరుగంట మోగినట్లు వినవస్తుంది. చివరికంటా తిప్పితే, చిన్న వాల్వు ఆ భారం మోయలేక ధ్వని తరంగాల శిఖరాలను అణచివేస్తుంది, నాదం గరుకెక్కుతుంది. అప్పుడు కూడా తీగను సుతారంగా మీటితే మళ్ళీ తేటపడుతుంది. స్వచ్ఛమైన నాదాన్నే కోరిన ఫెండర్‌కు ఆ గరుకు ఒక లోపం. వాద్యకారులకు అదే కావలసి వచ్చింది. పెద్ద యాంప్లిఫయరులో దాన్ని రాబట్టాలంటే ఇల్లు అదిరిపోవాలి. 1970లో మయామీలో ‘లైలా’ ఆల్బమ్ రికార్డు చేసినప్పుడు ఎరిక్ క్లాప్టన్ ఈ పిల్లల పెట్టెనే వాడాడు.

1965లో ఫెండర్ తన సంస్థను సి.బి.ఎస్.కు అమ్మివేశారు. 1985లో ఇక్కడి కర్మాగారం మూతపడి, కొత్తది కొరోనాలో వెలసింది. ఆయన మాత్రం ఊరు విడువలేదు. 1991లో కన్నుమూసేవరకు ఫుల్లర్టన్‌లోనే మరో సంస్థలో గిటార్లు రూపొందిస్తూ ఉన్నారు.