ముట్టుకోకండి సార్, విరుగుతది!

మొన్న ఆదివారం మా వంటింట్లో నల్లా కారడం మొదలుపెట్టింది. మేముండేది ఎల్బీనగర్ రింగ్ రోడ్డుకి కాస్త లోపలగా, పాతికేళ్ళ నాటి అపార్టుమెంటులో. ప్లంబర్ వచ్చి అటూ ఇటూ కదిపి చూసి, "ముట్టుకోకండి సార్, తిప్పితే లోపల జీఐ పైపు విరుగుతది. మెయిన్ వాల్వ్ యాడుంది?" అన్నాడు. నేను మా ఆవిడ వంక చూశాను. ఆవిడ వాచ్‌మన్ వంక చూసింది. వాచ్‌మన్ ఆకాశం వంక చూశాడు. పదేళ్ళుగా ఉంటున్నాం, వాల్వ్ ఎక్కడుందో ఒక్కళ్ళకీ తెలీదు!

నాకు వెంటనే 2021 డిసెంబరు గుర్తొచ్చింది.

లాగ్‌ఫోర్‌జే గొడవ మనవాళ్ళెవరూ మర్చిపోయి ఉండరు. కొత్తవాళ్ళ కోసం క్లుప్తంగా చెప్తాను. జావా ప్రోగ్రాముల్లో లాగ్ రాసే లైబ్రరీ అది. లాగ్‌లోకి వెళ్ళే చోట ఒక ప్రత్యేకమైన స్ట్రింగ్ పంపితే చాలు, ఆ లైబ్రరీ జేఎన్‌డీఐ ద్వారా బయటి సర్వర్ దగ్గరికెళ్ళి, వాడిచ్చిన కోడ్ తెచ్చి మన సర్వర్లోనే నడిపేస్తుంది. తీవ్రత పదికి పది. డిసెంబరు 9న బయటపడితే నెలాఖరుకల్లా 2.15, 2.16, 2.17, 2.17.1 అంటూ వరసగా నాలుగు వెర్షన్లు. ఒకటి పెట్టి టీ తాగి వచ్చేలోపు ఇంకోటి!

అప్పుడు నేను చూస్తున్న అప్లికేషన్ వయసు పద్నాలుగేళ్ళు. స్ట్రట్స్ 1 మీద కట్టింది. క్లయింట్‌ది ఒకటే ప్రశ్న - "మన దగ్గర ఉందా, లేదా?" మా మేనేజరు గారు ధీమాగా "మనది పాత 1.2 కదా, ఈ గొడవ దానికి లేదు" అన్నారు. అది సగం నిజమే. ఈ లోపం 2 వరుస వెర్షన్లది. కానీ 1 వరుసకి 2015 ఆగస్టులోనే మద్దతు ఆపేశారు. దాని రోగాలు దానికున్నాయి, మందు వేసే డాక్టరే లేడు. పాతది కాబట్టి బతికిపోవడం వేరు, భద్రంగా ఉండటం వేరు కదా.

సరే, లిబ్ ఫోల్డర్లో వెతికాం. 2 వరుస జార్ ఒక్కటీ లేదు. "లేదు" అని మెయిల్ కొట్టబోతుంటే, చేరి ఆర్నెల్లు కూడా కాని ఒకమ్మాయి "సార్, ఫైలు పేర్లు కాకుండా జార్ల లోపల జేఎన్‌డీఐ లుకప్ క్లాస్ ఉందేమో వెతుకుదామా?" అంది. వెతికితే ఒకదాన్లో దొరికింది! రిపోర్టులు తయారుచేసే జార్, తనకి కావలసిన లైబ్రరీలన్నీ తన కడుపులోనే పెట్టుకున్న రకం. పేరు 'రిపోర్ట్స్ ఫైనల్'. వెర్షన్ నంబరు లేదు.

ఎవడ్రా దీన్ని పెట్టింది అని తిట్టుకుంటూ కమిట్ల చరిత్ర తీశాను. 2016 మార్చి. పేరు నాదే.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ రాత్రి రిలీజు. బిల్డ్ స్క్రిప్టు మార్చాల్సి వస్తుందని వెర్షన్ నంబరు నేనే తీసేశాను. క్లయింట్ అడిగిన తేదీ ఫార్మాట్ కోసం లోపల ఒక క్లాస్ కూడా మార్చేశాను. ఎక్కడా ఒక్క ముక్క రాసి పెట్టలేదు.

ఈ అలవాటు ఇంకా వెనక్కి పోతుంది. దిల్‌సుఖ్‌నగర్లో ఒక ఇరుకు గదిలో, నలభై మందిమి భుజాలు రాసుకుంటూ కూర్చుని జావా నేర్చుకున్న రోజుల్లో మా సార్ చెప్పిన చిట్కా: "క్లాస్ నాట్ ఫౌండ్ అని వస్తే, ఆ జార్ తెచ్చి లిబ్‌లో పడెయ్యండి." పడేశాం. నడిచింది. నడిచింది కాబట్టి మళ్ళీ ముట్టుకోలేదు. ఉద్యోగంలోకి వచ్చాకా అదే పద్ధతి.

ఆ రాత్రి జార్‌లోంచి ఆ ఒక్క క్లాస్ తీసేసి గండం గట్టెక్కించాం. జార్ మొత్తం మార్చడానికి మాత్రం నాలుగు నెలలు పట్టింది, నేను చేసిన ఆ చిన్న మార్పు మీద రెండు రిపోర్టులు ఆధారపడ్డాయి మరి.

"మావెన్ ఉందిగా, ఇప్పుడా బాధ లేదు" అంటారేమో. మావెన్‌ని ఒకటి అడిగితే అది తన చుట్టాలు ఇరవై మందిని వెంటేసుకొస్తుంది. ఒకే లైబ్రరీకి రెండు వెర్షన్లు తగిలితే కొత్తదాన్ని కాదు, చెట్టులో దగ్గరున్నదాన్ని తీసుకుంటుంది. డిపెండెన్సీ ట్రీ ఒకసారి ప్రింట్ చేసి చూస్తే మీకే తెలుస్తుంది. 2017లో ఈక్విఫాక్స్‌లో జరిగిందీ ఇలాంటిదే. స్ట్రట్స్ 2 లోపానికి మార్చిలోనే మందు వచ్చినా, అది తమ దగ్గర ఎక్కడుందో స్కాన్‌లో దొరక్క, సుమారు 14.7 కోట్ల మంది వివరాలు పోయాయి.

ఇంకోటి. మా కొత్తపేట పండ్ల మార్కెట్ 2021లో బాటసింగారం వెళ్ళిపోయింది. అయినా "ఫ్రూట్ మార్కెట్ దగ్గర ఆపు" అంటే ఆటోవాడికి అర్థమవుతుంది. కంపైలర్‌కి అంత దయ లేదు. 2020లో జకార్తా 9 వచ్చి, జావాఎక్స్ పేరుతో ఉన్న ఎంటర్‌ప్రైజ్ ప్యాకేజీలు జకార్తా అయిపోయాయి. 2022 నవంబరులో వచ్చిన స్ప్రింగ్ బూట్ 3 ఆ కొత్త పేర్లే కావాలంటుంది, జావా 17 కూడా కావాలంటుంది. ఎవరో ఎప్పుడో పడేసిన పాత జార్ ఒక్కటి పాత పేరు పట్టుకు వేలాడినా బండి అక్కడే ఆగుతుంది.

ఇప్పుడు మా టీములో ఒక పట్టిక ఉంది. ఏ లైబ్రరీ, ఏ వెర్షన్, ఎవరు ఎందుకు పెట్టారు, మద్దతు ఎప్పటిదాకా - అంతే. నెలకి ఒకటైనా మార్చాలని నియమం. "దీనివల్ల క్లయింట్‌కి కొత్తగా ఏం కనిపిస్తుంది?" అని పైవాళ్ళు అడుగుతూనే ఉంటారు. ఏమీ కనిపించదండీ. ఆ టైము ఇప్పించుకోవడమే అన్నిటికన్నా కష్టమైన పని. మూడు నెలలు ఇస్తారు, నాలుగో నెల లాగేసుకుంటారు.

ఇంతకీ మా వాల్వ్ దొరికింది. డాబా మీద ట్యాంకు వెనక, పైన రంగు వేసేసి ఉంది. ఎర్ర పెయింటుతో ఫ్లాట్ నంబరు రాయించాను. పైపు మాత్రం ఇంకా మార్పించలేదు, వచ్చే నెల చూడాలి.

మీరూ ఒకసారి మీ లిబ్ ఫోల్డర్ తెరిచి చూడండి. వెర్షన్ లేని జార్ కనిపిస్తే, తిట్టే ముందు కమిట్‌లో పేరు చూసుకోండి!